చెమట పట్టని కుండ

మట్టితో చేసిందన్నాక దానికి చెమట పట్టి తీరుతుందని మా ఆయన నమ్మకం. రాయచోటిలో పుట్టి, ఎండాకాలమంతా తడి గోనెపట్ట చుట్టిన కుండలో నీళ్లు తాగి పెరిగినవాడు అలా నమ్మడంలో తప్పేముంది? నేనూ నమ్మాను. మా కాపురం రెండు దేశాల పాలైంది ఆ నమ్మకం వల్లేనని ఆయన ఇవాళ్టికీ అంటాడు. నేనూ అవునంటాను.

ఆయన పేరు అన్వర్ బాషా. నేను బిస్మిల్లా బీ. కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లో ఒకే ఇంట్లో పని మాకు. నాకు వంటిల్లు, ఆయనకు కారు. మొగుడూ పెళ్లాలకు వీసా ఇచ్చిన యజమాని, ఇక్కడి మాటలో కఫీల్, ఒకడే, ఒకే గేటు, మేడ మీద తలుపు వేసుకోవడానికి ఒక గది. ఇక్కడికి పనికొచ్చిన మావాళ్లలో ఈ అదృష్టం ఎంతమందికి పడుతుంది? పక్క వీధిలో పనిచేసే రజియా బీ మొగుడు కబ్ద్ ఎడారిలో ఒంటెల కొట్టం దగ్గర ఉంటాడు. ఎప్పుడో ఒక శుక్రవారం ఇద్దరూ సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుని, ఒకే పొట్లంలో బిర్యానీ తిని, చెరో బస్సు ఎక్కేస్తారు. "మీకేమక్కా, మారాజులు," అనేది రజియా. పైకి కసురుకునేదాన్ని గానీ, గదిలోకి వచ్చాక ఇద్దరికీ ఉప్పు దిష్టి తీసి పారేసేదాన్ని.

ఆ చలికాలంలో మా బాబాకి, అంటే ఇంటి పెద్దాయనకి, పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మాట కూడా నాలుగైదు ముక్కలకు కుదించుకుపోయింది. దాంతో కారుకి పని పోయింది. చేపల బజారు లేదు, దివానియాలో స్నేహితులతో సాయంత్రం కబుర్లు లేవు. మామాకి, అంటే ఆయన భార్యకి, ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే కొడుకు ఫహద్ తన డ్రైవర్ని పంపేవాడు. మా ఇంటి కారు మీద గుడ్డ కప్పేశారు. ఆ గుడ్డ మీద దుమ్ము పేరుకుంటుంటే మా ఆయన రోజూ దులిపేవాడు. కారుని కాదు, గుడ్డని. చూస్తుంటే నా గుండె జారిపోయేది. పనిలేని మనిషికి ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, కొట్టించి, తిండి పెట్టి, ఎన్నాళ్లని ఉంచుకుంటారు?

అప్పుడు ఆయనకి దొరికిన పని చెట్లు.

బాబా దగ్గర బోన్సాయ్‌లు ఉండేవి. మూరెడు ఎత్తు కూడా లేని ముసలి చెట్లు. ఒక ఆలివ్, ఒక దానిమ్మ, ఒక రేగు, ఇంకా అన్నిటికన్నా పెద్దరికంగా ఒక జూనిపర్. జూనిపర్ అంటే ఏమోననుకునేరు, దూరం నుంచి చూస్తే మన సరుగుడు చెట్టుకి తమ్ముడిలా ఉంటుంది. ఇంటి లోపలి వాకిట్లో వాటికోసం అద్దాల గది కట్టించి ఏసీ పెట్టించాడు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. పెరగాల్సిన చెట్టుని కత్తిరించి కత్తిరించి మరుగుజ్జుని చేసి, మళ్లీ దాన్ని చల్లటి గదిలో పెట్టి మురిసిపోవడమేంటని.

నిజానికి చెట్లకన్నా వాటి కింద ఉన్న కుండలంటేనే బాబాకి ప్రాణం. కుండలంటే మన గుండ్రటి కుండలు కావు. పళ్లెంలా లోతు తక్కువగా, కొన్ని పలకలుగా, కొన్ని కోలగా, కింద పొట్టి కాళ్లతో ఉంటాయి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో జపాన్ వెళ్లినప్పుడల్లా ఒకటి తెచ్చుకునేవాడట. అక్కడ ఒక ముసలాయన చేత్తోనే చేసేవాడట. అడుగున ఆయన ముద్ర ఉంటుంది. పైన పింగాణీ పూత ఉండదు, రంగు ఉండదు. వట్టి కాల్చిన మట్టి, పండిన ఖర్జూరం రంగు.

బాబా బాగున్నప్పుడు పొద్దున్నే వాటిని అరచేత్తో నిమిరేవాడు. సబ్బు తగలనిచ్చేవాడు కాదు, పీచు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పూత లేని మట్టికి ఏళ్ల తరబడి చేతి జిడ్డూ నీళ్ల తడీ పట్టాకే అసలు వన్నె వస్తుందనేవాడు. నిజమే, పాత కుండలు బాగా మాలీసు చేసిన గుర్రం ఒంటిలా నిగనిగలాడేవి. "నాకు తలనొప్పి వచ్చిన రోజున కూడా ఇంత ప్రేమగా నిమరలేదు ఈ మనిషి," అని మామా నాతో చెప్పి నవ్వేది.

ఆ చెయ్యి పడిపోయాక మామా మా ఆయన్ని పిలిచి, "అన్వర్, ఇంక చెట్లు నువ్వే చూడు," అంది. అప్పట్నుంచి పొద్దున్నే బాబా కుర్చీ తోసుకెళ్లి అద్దాల గదిలో ఆపడం, ఆయన ఎడమ చేతి వేలితో చూపించిన చోట కొమ్మ కత్తిరించడం, చాలనేదాకా నీళ్లు పొయ్యడం, చివర్లో కుండల్ని అరచేత్తో నిమరడం. నేర్చుకున్నాడు. నాలుగు రోజులకే మా గదిలో మాటలన్నీ వేర్ల గురించే.

"ఏమయ్యా, నన్ను చేసుకున్నావా, ఆ కుండల్ని చేసుకున్నావా?" అని ఏడిపిస్తే, నవ్వకుండా అన్నాడు:

"ఆ కుండలే నా ఇఖామా బిస్మిల్లా. ఆ చెట్లు పచ్చగ ఉన్నన్నాళ్లు నన్ను ఈ ఇంట్లోంచి ఎవరూ పంపరు."

అలా మా కాపురం ఆ కుండల మీద నిలబడింది. మా అమ్మాయి ఇఫ్ఫత్ కడపలో నర్సింగ్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. దాని చదువు అయ్యేదాకా ఇక్కడే ఉండాలి, ఉంటే ఇద్దరం ఉండాలి. నా కోరిక అంతకన్నా పెద్దది కాదు.

ఎండలు ముదిరేసరికి బాబాని వైద్యానికి జర్మనీ తీసుకెళ్లాలన్నారు. వేసవంతా అక్కడే. బయల్దేరే రోజు మామా నాకు ఫ్రిజ్ గురించి, తివాచీల గురించి అప్పగింతలు పెడుతోంది. బాబా కుర్చీ గేటు దాకా వెళ్లి ఆగింది. ఆయన ఎడమ చేత్తో మా ఆయన చొక్కా అంచు పట్టుకుని, అద్దాల గది వైపు చూపించి, "షజర్," అన్నాడు. చెట్లు అని. ఆ ఒక్క మాట పలకడానికే నోరంతా వంకర పోయింది.

మా ఆయన తల మీద చెయ్యి పెట్టుకుని, "అలా రాసీ, బాబా," అన్నాడు. నా నెత్తిన పెట్టుకుంటానని. ఇక్కడివాళ్లు మాట ఇచ్చేటప్పుడు అలాగే అంటారు. బాబా చొక్కా వదలడానికి చాలాసేపు పట్టింది.

అంత ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. పెత్తనం మాదే అనుకునేరు. హాల్లో, మెట్ల దగ్గర, వంటింటి గుమ్మంలో కెమెరాలు. జర్మనీలో కూర్చుని మామా ఫోన్‌లో చూస్తుంది. సోఫా మీద కూర్చోవడం మాట అటుంచండి, దాని పక్కన నిలబడాలన్నా భయమే. కెమెరా లేని చోటు ఒక్క అద్దాల గదే. పని అయిపోయాక అక్కడికి టీ పట్టుకెళ్లేదాన్ని. చెట్ల మధ్య పీట మీద నేను, కింద బొంత మీద ఆయన. బయట గోడలు మాడిపోతుంటే లోపల చల్లగా, తడిమట్టి వాసన.

"ఏమే, మనకిట్లాంటి గది ఒకటి ఉంటే దాంట్లో ఏం పెడ్తావు?"

"బియ్యం మూటలు."

"నీకెప్పుడూ తిండి యావే."

"మళ్ల నువ్వేం పెడ్తావు?"

"నిన్ను," అన్నాడు సిగ్గులేకుండా. "అద్దాల్లో కూర్చోబెట్టి, పొద్దున్నే నీళ్లు పోస్తా."

ఇఫ్ఫత్‌కి ఫోన్ చేసి చెట్లు చూపించాం. "అంత పొట్టిగుండాయేంది నాయనా, తిండి పెట్టల్యా?" అంది. ముగ్గురం నవ్వాం. పెళ్లైన ఇన్నేళ్లలో మేం ఇల్లుగలవాళ్లలా కూర్చుని నవ్వింది అప్పుడే. తలుచుకుంటే ఇప్పుడు నాకు సంతోషం రాదు, కోపం వస్తుంది. ఎవరి మీదో తెలీదు.

జూలైలో కరెంటు కోతలు మొదలయ్యాయి. ఊరంతా ఏసీలు ఆడుతుంటే లాగలేక మధ్యాహ్నం పూట తీసేసేవాళ్లు. ఒక రోజు పోయిన కరెంటు ఒక్క ఊపున వచ్చింది. అద్దాల గది ఏసీ గుర్రుమని, కాలిన వాసన కొట్టి, ఆగిపోయింది. ఫహద్‌కి ఫోన్ చేస్తే మెకానిక్‌ని పంపాడు. ఆ మెకానిక్ విప్పి చూసి, సామాను దొరకాలి, కబురు చేస్తానని వెళ్లిపోయాడు. మామాకి చెబితే, "ఇక్కడ బాబాతోనే నాకు ఊపిరాడట్లేదు, అక్కడి సంగతి మీరే చూసుకోండి," అని వాయిస్ పెట్టింది. ఈలోగా అద్దాల గది రొట్టెల పొయ్యిలా అయిపోయింది.

"హాల్లోకి తెచ్చి పెట్టయ్యా," అన్నాను.

"కెమెరాలో సూడదా మామా? ఆ తివాచీ మీద పిడికెడు మట్టి పడిందంటే చెట్లకన్నా ముందు నేను పోతా."

"మన గదిలో పెడదాం, ఏసీ ఉండాది గదా."

"కిటికీ ల్యా గదే. ఎలుతురు లేకుంటే ఆకు నిలబడదు."

చివరికి వాకిట్లో ఉత్తరం వైపు వరండాకి చేర్చాడు. ఎండ పడదు గానీ గాలి మాత్రం నిప్పుల మీద నుంచి వచ్చినట్టే. జూనిపర్ కుండ మీద చెయ్యి పెట్టి చూసి, చటుక్కున లేచాడు. మొహం వెలిగిపోయింది.

"మనమింత ఎర్రోళ్లమేందే! ఇది మట్టే గదా. పూత ల్యా, గీత ల్యా. మన కుండలో నీళ్లు ఎట్ల సల్లబడ్తాయి? గోనె తడిపి సుడితే సాలు, కుండకి చెమట పడ్తాది, లోపల ఏరు సల్లగుంటాది."

నాకూ అది నిజమే అనిపించింది. ఎందుకనిపించదు? మా ఇంట్లో పొయ్యి పక్కన కూడా అలాంటి కుండే ఉండేది. స్టోరు గదిలో బాస్మతి బియ్యపు గోనెసంచులు ఉన్నాయి. ఆయన కత్తిరిస్తుంటే నేను దబ్బనం తెచ్చి కుట్టాను. ఒక్కో కుండకీ ఒక్కో చొక్కా తొడిగినట్టు చుట్టాడు. అడుగున వెయ్యడానికి గోనెని మడతలు పెట్టి, తట్టలో పరిచి, దాని మీద కుండని ఆనించాడు. మధ్యాహ్నం ఇక్కడ కుళాయి తిప్పితే కాగిన నీళ్లే వస్తాయి. అందుకని బకెట్‌లో ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలేసి చల్లబరిచి పోసేవాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. గోనె ఆరడానికి లేదు.

ఆ తడి గోనె వాసనకి నాకు ఏడుపొచ్చింది. పరాయి దేశంలో, పరాయివాళ్ల వాకిట్లో, మా అమ్మ ఇంటి వాసన.

రెండు రోజులాగి గోనె అంచు ఎత్తి చూశాడు. పట్ట చల్లగానే ఉంది. కుండకి మాత్రం చెమట లేదు. పైన అంటుకున్న తడి తుడిస్తే పోయింది, మళ్లీ రాలేదు.

"జపాన్ కుండ గదా, మన పద్ధతికి అలవాటు పడాల," అని మళ్లీ కప్పేశాడు.

ఆగస్టులో సముద్రపు ఉక్క పట్టుకుంది. గాలి కూడా తడిసి బరువెక్కింది. ఒక ఉదయం ఆలివ్ ఆకులు సగం రాలి తట్టలో పడున్నాయి. తర్వాత దానిమ్మ, ఆ తర్వాత రేగు. ఆయనకి అన్నం దిగలేదు. రాలిన ఆకుల్ని చెత్తలో వెయ్యలేక జేబులో పెట్టుకుని మేడ మీదకి తెచ్చేవాడు. ఒక్క జూనిపర్ మాత్రం కళ్లకి ఇంపుగా, పచ్చగా నిలబడింది. ఒక్క ఆకు రాల్లేదు.

"ఇదొక్కటి నిలబడితే సాలే. బాబాకి ఇదే పానం. ఇది నా మాట దక్కిస్తాది," అని దాని దగ్గరే కూర్చునేవాడు. మిగతావాటి మీద కోపమేమో, కాస్త నీళ్లు తగ్గించాడు. జూనిపర్‌కి మాత్రం కడుపునిండా పోశాడు. నమాజు అయ్యాక చేతులెత్తి ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. నేనూ అదే అడుగుతున్నాను.

ఆ నెలాఖరుకి మెకానిక్ వచ్చాడు, ఏసీ ఆడింది. గోనెపట్టలు విప్పి చెట్లని లోపలికి చేర్చాం. కొద్ది రోజుల్లోనే ఆలివ్ మోడు మీద ఆవగింజంత చిగుళ్లు లేచాయి. రేగుకీ, దానిమ్మకీ కూడా. ఆ రోజు ఆయన నన్ను పిలిచి, చెయ్యి పట్టుకుని, ఒక్కో చిగురూ చూపించాడు. గెలిచామనుకున్నాం.

సెప్టెంబరు చివర బాబా, మామా తిరిగొచ్చారు. బాబా ఇంకా చిక్కిపోయాడు. కుర్చీలోంచి లేవలేదు, గదిలోకి వెళ్లనన్నాడు. అద్దాల గది వైపే వేలు చూపించాడు. మా ఆయన పొద్దున్నే చెట్లని వరసలో పెట్టి, కుండల్ని నిమిరి నిమిరి ఉంచాడు. నేను కుర్చీ తోశాను.

ఆలివ్ చిగురు చూసి బాబా తలాడించాడు. జూనిపర్ దగ్గర ఆపమన్నాడు. ఎడమ చేత్తో ఆకుల్ని రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూసుకున్నాడు. చిన్న రెమ్మనొకదాన్ని వంచాడు. అది వంగలేదు, పుటుక్కుమని విరిగింది. పచ్చగానే ఉంది, కానీ ఎండు పుల్లలా విరిగింది. ఆ రెమ్మని పిడికిట్లో మూసుకున్నాడు. తర్వాత ఆ చెయ్యి అలాగే కుండ మీద ఆనించాడు.

మా ఆయన చేతులు కట్టుకుని, మొహంలోకే చూస్తున్నాడు.

"జైన్," అన్నాడు బాబా. బాగుంది అని.

మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి బాబా భుజం మీద ముద్దు పెట్టుకున్నాడు. నేను కుర్చీ వెనక్కి తిప్పాను. గదిలో మంచం మీదకి చేర్చాక బాబా పిడికిలి విప్పితే, ఆ రెమ్మ దుప్పటి మీద పడింది. దాన్ని తీసి చెత్తబుట్టలో వేశాను. అందులో ఆలోచించాల్సింది ఏదో ఉందని నాకప్పుడు తోచలేదు.

చలి మొదలయ్యేసరికి జూనిపర్ కొసలు రంగు మారాయి. మొదట ఇటుకపొడి రంగు, తర్వాత గోధుమ రంగు. మా ఆయన పరిగెత్తుకుంటూ మొక్కలమ్మే అంగడికి వెళ్లి, ఫోన్‌లో ఫొటో చూపించాడు. వాళ్లు నవ్వారట. ఈ జాతి చెట్టు చచ్చిన నెలల తర్వాత కూడా పచ్చగానే కనిపిస్తుందట. ఇది వేసవిలోనే పోయిందన్నారట.

మర్నాడు బాబా ముందరే చెట్టుని కుండలోంచి ఎత్తాడు. పెద్దగా పట్టు కూడా లేదు, ఊడొచ్చింది. వేర్లు నల్లగా, మెత్తగా, మురుగు వాసన. మడత గోనె మీద కూర్చున్న కుండకి అడుగు కన్నాలు మూసుకుపోయి, పోసిన నీళ్లన్నీ లోపలే నిలిచి, ఆ ఉక్కలో ఉడికిపోయాయి. ఆకు రాల్చిన చెట్లు బతికాయి. పచ్చగా ఉందని మురిసి, ప్రేమగా నీళ్లు పోసింది పోయింది.

బాబా ఖాళీ కుండని ఒళ్లో పెట్టమన్నాడు. గోరుతో అంచు మీద కొట్టాడు. ఖంగుమంది. మన కుండ మోత కాదది.

"హజర్," అన్నాడు మెల్లిగా. "అన్వర్... హజర్."

రాయి అని. ఆ మట్టిని ఎంత మంటలో కాల్చారో, అది రాయిలా గట్టిపడిపోయింది. నీళ్లు పీల్చదు, చెమట పట్టదు. చూడటానికి మాత్రం మట్టి. ఆయన గొంతులో కోపం లేదు. చిన్నపిల్లాడికి అక్షరం దిద్దించినట్టు చెప్పాడు. కోప్పడి ఉంటే బాగుండేది. మా ఆయన ఆ మురిగిన వేర్లని చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలీక అలాగే నిలబడిపోయాడు.

తర్వాత ఎంతో కాలం పట్టలేదు. ఒక ఉదయం నేను చపాతీలు కాలుస్తుంటే మామా వచ్చి, "బిస్మిల్లా, అన్వర్‌కి ఇఖామా ఇంక కొట్టించం. ఖలాస్. టికెట్ ఫహద్ చూస్తాడు," అంది. పెనం మీద చపాతీ మాడింది. నేనూ వెళ్లిపోతానన్నాను. వెళ్లాలంటే వెళ్లు, కానీ బాబాకి నీ చేతి అన్నం అలవాటు, అంది.

మేడ మీద ఆయన అప్పటికే బట్టలు మడత పెడుతున్నాడు.

"నువ్వుండాల," అన్నాడు. "పాప సదువు సగంలో ఉండాది. ఇద్దరమూ పోతే అది యాడికి పోతాది?"

"నువ్వు లేకుండా నేనెట్ల ఉండేది?"

"ఉంటారు గదా అందరూ." చొక్కా మడత విప్పి మళ్లీ పెట్టాడు. "నా సేతులారా చేసుకున్నా. ఆ గోనెపట్టలు సుట్టకపోయింటే ఈ పొద్దు ఇట్ల అయ్యేదా?"

వెళ్లే రోజు ఫహద్ డ్రైవర్ కారు గేటు దగ్గర పెట్టాడు. బాబా కుర్చీలో బయటికొచ్చాడు. ఒళ్లో ఖాళీ కుండ. ఎడమ చేత్తో దాన్ని మా ఆయన వైపు తోశాడు. మా ఆయన వద్దన్నట్టు వెనక్కి జరిగాడు. బాబా ఇంకా తోశాడు, అంచు దాకా వచ్చి పడబోతుంటే పట్టుకోక తప్పలేదు. పెట్టెలో బట్టల మధ్య పెట్టుకోవడానికి దాన్ని దేంతో చుట్టాడో తెలుసా? నేను కుట్టిన ఆ గోనెపట్టతోనే. కారు వీధి మలుపు తిరిగేదాకా నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. మామా లోపల్నుంచి పిలిచింది. వెళ్లాను.

ఇప్పుడు మేడ మీద గదిలో నేనొక్కదాన్నే. పొద్దున్నే బాబా కుర్చీ తోసుకెళ్లి, ఆయన వేలు చూపించినంత మేర నీళ్లు పోస్తాను. ఆ కుండల్ని నిమరమంటాడు. నిమురుతాను. ప్రేమగా మాత్రం కాదు.

చాలా రోజులు లోపలే కుమిలి, ఒక రోజు బియ్యం కడుగుతూ ఉండబట్టలేక అడిగేశాను. "మామా, చెట్టు చచ్చిపోయిందని మా ఆయన్ని పంపించేశారు గదా. ఆయన కావాలని చెయ్యలేదు మామా. మా ఊళ్లో కుండలకి అలాగే చుడతాం."

మామా తరుగుతున్న కూరగాయల మీంచి తలెత్తి నా వంక చూసింది. ఆమెకి నిజంగానే అర్థం కాలేదు.

"చెట్టా? ఏ చెట్టు?" అంది. "చెట్టు కోసం మనిషిని పంపిస్తామా బిస్మిల్లా? బాబా ఇంక కారు ఎక్కలేడని డాక్టరు చలికాలంలోనే చెప్పాడు. ఫహద్ అప్పుడే పంపేద్దామన్నాడు. మేం జర్మనీ వెళితే ఇల్లు చూసుకోవడానికి మగమనిషి ఉండాలి కదా, వేసవి దాటనివ్వమని నేనే ఆపాను. పాపం, మంచివాడు." ఆ తర్వాత కొత్తిమీర ఉందా అని అడిగింది.

ఉందన్నాను. చేతులు నీళ్లలోనే ఉండిపోయాయి. అద్దాల గదిలో మేం టీ తాగి నవ్వుకున్నప్పటికే మాది అయిపోయింది. గోనెలు కత్తిరించినప్పుడు, ఆలివ్ చిగుళ్లు చూసి చెయ్యి పట్టుకున్నప్పుడు, అయిపోయి ఉంది. ఆయన ఆ చెట్టుని బతికించినా ఇంతే, చంపినా ఇంతే.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆయనకి వీడియో కాల్ చేశాను. రాయచోటిలో ఇంటి చూరు కింద కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. పక్కనే ఆ కుండ. దానికి గోనెపట్ట చుట్టి ఉంది, తడిగా.

"ఏందయ్యా అది?"

"ఊరికే సూస్తాండా," అన్నాడు. పట్ట జరిపి కెమెరా దగ్గర పెట్టాడు. "రోజూ తడిపి సుడ్తాండా. మన గాలి, మన నీళ్లు. అయినా చెమట పట్టేదే ల్యా."

నాకు దుఃఖం ఆగలేదు. ఆయన గుండె మీద ఆ బరువైనా దించుదామని మామా అన్నదంతా చెప్పేశాను. చలికాలంలోనే తీర్మానం అయిపోయిందని, చెట్టుకీ దీనికీ సంబంధం లేదని, నీ తప్పేం లేదని. ఆయన బొటనవేలితో కుండ అంచుని నిమురుతూ విన్నాడు.

"ఆయమ్మ నీ మనసు నొచ్చుకోకుండా సెప్పింటాది," అన్నాడు చివరికి.

"కాదయ్యా. నిజమే సెప్పింది. నువ్వేం చేసినా, ఏం చెయ్యకపోయినా..."

"బిస్మిల్లా!" గట్టిగా అన్నాడు. పెళ్లైన ఇన్నేళ్లలో నన్నలా పిలవలేదు. మళ్లీ వెంటనే గొంతు తగ్గించాడు. "గమ్మునుండు. చెట్టు సంపినానని పంపిచ్చినారంటే అదొక మాట. సెయ్యరాని పని సేసినా, పంపిచ్చినారు. ఊరికే పంపిచ్చినారంటే నేనేమైనట్టు? ఆ ఎండంతా ఐసు నీళ్లు మోసింది దేనికి?"

నేను అరచేత్తో కళ్లు తుడుచుకున్నాను.

"నా గోనెపట్టలే," అన్నాడు. అడుగుతున్నట్టుగా, బతిమాలుతున్నట్టుగా నా మొహంలోకి చూశాడు. "గదా?"

"అవును," అన్నాను. "నీ గోనెపట్టలే. ఎవరు సుట్టమన్నారు నిన్ను?"

ఆయన మొహం తేటపడింది. తల ఊపి, కుండకి మళ్లీ పట్ట కప్పాడు.

"ఆలివ్‌కి నీళ్లు తక్కువ పొయ్యి," అన్నాడు. "అడుగున ఏమీ పెట్టొద్దు."

పెట్టనులే అన్నాను.